చేపు నుంచి కౌగిలి దాకా: మమకారం ఎలా పరిణమించింది

పాడిగేదె దూడ చచ్చిపోతే ఏమవుతుందో పల్లెల్లో పెరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పొదుగు నిండా పాలున్నా గేదె చేపదు. ఎంత పిండినా నాలుగు ధారలు పడి ఆగిపోతాయి. అందుకని చచ్చిన దూడ తోలు ఒలిచి, లోపల ఎండుగడ్డి కూరి కుట్టేసి, ఆ బొమ్మను గేదె ముందు నిలబెట్టేవారు. గేదె దాన్ని వాసన చూసేది, నాకేది. కాసేపటికి పొదుగు బిగిసి, చనుకట్లు నిండి, పాలు దిగేవి. చూసేవాళ్ళకు గుండె బరువెక్కే దృశ్యమే. అయినా ఆ గడ్డి దూడ ముందు గేదె ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే, మనుషులు ఒకరినొకరు ఎందుకు దగ్గరకు తీసుకుంటారన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

పొదుగులో పాలుండటం వేరు, అవి దిగటం వేరు. దూడ మూతి తగిలినప్పుడు, దాని వాసన అందినప్పుడు ఆ కబురు మెదడుకు చేరుతుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఆక్సిటోసిన్‌ను రక్తంలోకి వదులుతుంది. పాలగ్రంథుల చుట్టూ ఉండే సన్నని కండర కణాలు దాని ప్రభావంతో ముడుచుకుని పాలను కిందికి నెడతాయి. తల్లి చనుబాలు దిగటంలోనూ ఇదే వరస. 1906లో ఇంగ్లండ్‌లో హెన్రీ డేల్ పిట్యూటరీ రసానికి గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణముందని గమనించాడు. 1953లో అమెరికాలో విన్సెంట్ డు విన్యో ఈ హార్మోన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. తొమ్మిదంటే తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. కాన్పు నొప్పులు తెప్పించడానికి, కాన్పయ్యాక రక్తస్రావం ఆపడానికి ఆస్పత్రుల్లో వాడే మందు ఇదే. దూడ లేకుండానే గేదెలకు ఇంజెక్షన్ పొడిచి పాలు పిండే దురాచారానికి వాడేదీ ఇదే. ఆ దుర్వినియోగాన్ని ఆపాలని 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీల తయారీని నిషేధించింది. బాలింతల ప్రాణాలు కాపాడే మందు అందకుండా పోతుందన్న వాదనతో అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

ఇంతవరకూ ఇది పాల కథ. మమకారం కథ 1979లో మొదలైంది. కోర్ట్ పెడర్సన్, ఆర్థర్ ప్రాంజ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇంకా ఈనని ఆడ ఎలుకల మెదడులోకి నేరుగా ఆక్సిటోసిన్ ఎక్కించారు. మామూలుగా అలాంటి ఎలుక పసికూనలను చూస్తే తప్పుకుపోతుంది, ఒక్కోసారి చంపి తింటుంది కూడా. హార్మోన్ అందిన ఎలుకల్లో చాలావరకు కొద్దిసేపట్లోనే గూడు సర్దడం, ఎవరివో అయిన పిల్లలను నాకడం, దగ్గరకు చేర్చుకోవడం మొదలుపెట్టాయి. అంటే పాలను దించే పదార్థమే, మెదడులో, పాలివ్వాలన్న కోరికనూ రేపుతోంది.

ఇది యాదృచ్ఛికం కాదు. ఆక్సిటోసిన్‌కు చుట్టాలైన అణువులు చేపల్లో, పక్షుల్లో, కంటికి సరిగా ఆనని నులిపురుగుల్లో కూడా ఉన్నాయి. ఈ వంశం వయసు 50 కోట్ల ఏళ్ళ పైమాటే. పాలు, చనులు లేని కాలం నుంచీ ఇది గుడ్లు పెట్టడం, ఒంట్లో నీరు-ఉప్పు సమతూకం లాంటి పనులు చూసుకుంటూ వచ్చింది. పరిణామం కొత్త ఇల్లు కట్టదు, ఉన్న ఇంటికే వసారా దించుతుంది. క్షీరదాలు పాలివ్వడం మొదలుపెట్టినప్పుడు తల్లిని బిడ్డ దగ్గర నిలిపి ఉంచే ఏర్పాటు ఒకటి కావలసివచ్చింది. పాత అణువే ఆ పనికి కుదురుకుంది.

పాలివ్వని జీవితం ఎలా ఉంటుందో మన తీరంలోనే చూడొచ్చు. శ్రీకాకుళం, విశాఖ తీరాలకు వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రిపూట ఇసుకలో గుంత తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, సముద్రంలోకి వెళ్ళిపోతుంది. పిల్లలు తల్లిని చూడవు, తల్లి పిల్లలను చూడదు. ఆ బతుకులో వాటికి లోటేమీ లేదు. ఒకరి కోసం ఒకరు వెతుక్కునే అవసరం అక్కడ పుట్టలేదు, అంతే.

ఆస్ట్రియాకు చెందిన జంతుప్రవర్తన శాస్త్రవేత్త ఐరెనాస్ ఐబల్-ఐబెస్‌ఫెల్ట్‌కు ఈ తేడా గాలపగోస్ దీవుల్లో తట్టింది. అక్కడి సముద్రపు ఇగువానాలు అనే పెద్ద బల్లులు వందలకొద్దీ ఒకే బండ మీద, ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. అయినా ఒకదాన్నొకటి నిమురుకోవు, నాకవు, తిండి పెట్టుకోవు. వాటికి తెలిసిందల్లా బెదిరించడం, లొంగడం. ఆ పక్కనే పక్షులు జతకు కానుకలు తెచ్చి ముక్కుకు అందిస్తున్నాయి. సంతానాన్ని సాకే జంతువుల్లోనే పెద్దవాటి మధ్య ఆప్యాయత కనిపిస్తుందని, జంటలు వాడే చేష్టలు చాలావరకు పిల్లల పెంపకం నుంచి అరువు తెచ్చుకున్నవేనని ఆయన 1970లో వాదించాడు. ప్రేమికులు ఒకరి నోటికి ఒకరు ముద్ద అందించడం, ఎదిగినవాళ్ళు పసిపిల్లల గొంతుతో ముద్దుమాటలు ఆడటం, తలను గుండెకు హత్తుకోవడం గుర్తుచేసుకుంటే ఆయన చూపు ఎక్కడుందో తెలుస్తుంది. తర్వాత మెదడు స్కానింగ్‌లు వచ్చాయి. లండన్‌లో ఆండ్రియాస్ బార్టెల్స్, సెమిర్ జెకీ తమ ప్రేమికుల ఫొటోలు చూస్తున్నవారి మెదళ్ళను, తమ బిడ్డల ఫొటోలు చూస్తున్న తల్లుల మెదళ్ళను పోల్చి 2004లో ప్రచురించారు. రెంటిలోనూ చాలావరకు ఒకే ప్రాంతాలు చురుకయ్యాయి.

అయితే తల్లి ప్రేమ అనగానే మనం ఊహించుకునే విశాలత్వం దాని మొదటి రూపంలో లేదు. గొర్రెను చూడండి. ఈనగానే అది తడి పిల్లను నాకుతూ వాసన పట్టేస్తుంది. ఒకటి రెండు గంటల్లో ఆ వాసన మనసులో ముద్రపడిపోతుంది. ఆ తర్వాత వేరే పిల్ల పాలకు వస్తే తలతో కుమ్మి తరిమేస్తుంది. అందుకే కాపరులు అనాథ పిల్లను బతికించడానికి, చచ్చిపోయిన పిల్ల తోలును దానికి కప్పి తల్లి దగ్గరకు పంపుతారు. కేంబ్రిడ్జ్‌లో బ్యారీ కెవర్న్, కీత్ కెండ్రిక్ ఈ తలుపు ఎలా తెరుచుకుని ఎలా మూసుకుంటుందో పరిశీలించారు. పిల్ల జననమార్గం గుండా వచ్చేటప్పటి ఒత్తిడితో మెదడులో ఆక్సిటోసిన్ విడుదలవుతుంది, ఆ కాసేపే కొత్త వాసనను తనదిగా చేసుకునే అవకాశం. పుట్టిన గంటకే లేచి నడిచే పిల్లలతో మంద కదిలిపోతూ ఉంటుంది. తన పాలు పరాయి పిల్లకు పోకుండా చూసుకోవడం తల్లికి తప్పదు. మమకారం, పరాయితనం ఒకే చోట, ఒకే గంటలో పుట్టాయన్నమాట. ప్రేమ హార్మోన్ అని పత్రికలు పిలిచే పదార్థం గురించి మాట్లాడేటప్పుడు ఈ కుమ్మే గొర్రెను మరిచిపోకూడదు.

తల్లీపిల్లల బంధం జంట బంధంగా ఎలా మారింది? దీనికి సాక్ష్యం అమెరికా గడ్డిమైదానాల్లో తిరిగే ప్రెయిరీ వోల్ అనే చిట్టెలుక లాంటి జీవి. క్షీరదాల్లో నూటికి పది జాతులు కూడా జంట కట్టి ఉండవు. ఇది మాత్రం ఒకసారి జత కలిస్తే ఒకే గూట్లో ఉంటుంది, మగది కూడా పిల్లల మీద పడుకుని వెచ్చగా ఉంచుతుంది. దీని దగ్గరి చుట్టమైన మెడో వోల్ ఎవరి దారి వారిదే అన్నట్టు బతుకుతుంది. స్యూ కార్టర్, థామస్ ఇన్సెల్, లారీ యంగ్ వంటివారు ఈ రెంటి మెదళ్ళను పక్కపక్కన పెట్టి చూశారు. హార్మోన్లలో పెద్ద తేడా లేదు. వాటిని అందుకునే గ్రాహకాలు ఎక్కడున్నాయన్నదే తేడా. జంట కట్టే జీవిలో అవి మెదడులో సంతోషాన్నిచ్చే భాగాల్లో ఒత్తుగా ఉన్నాయి. అందువల్ల జత తోడు, ఆ జత వాసన, ఆ సంతోషం ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. 2004లో యంగ్ బృందం ఆక్సిటోసిన్‌కు సోదర హార్మోన్ అయిన వాసోప్రెసిన్ గ్రాహకపు జన్యువును మగ మెడో వోల్ మెదడులో ఆ చోటికి చేరిస్తే, అవి కూడా తమ జత పక్కనే కూర్చోవడం మొదలుపెట్టాయి.

కథ ఇంత చక్కగా కుదరడంతో దాన్ని అందరూ నమ్మేశారు. తర్వాత 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఆక్సిటోసిన్ గ్రాహకమే లేని ప్రెయిరీ వోల్‌లను పుట్టించారు. అవీ జంట కట్టాయి! పిల్లలను సాకాయి! పాత ప్రయోగాలు అబద్ధమని దీని అర్థం కాదు. ఇంత ముఖ్యమైన పనిని పరిణామం ఒకే తాడుకు వేలాడదీయదని అర్థం. డోపమైన్, వాసోప్రెసిన్, ఒంట్లోనే తయారయ్యే నల్లమందు వంటి ఎండార్ఫిన్లు అన్నీ ఇందులో ఉన్నాయి, ఒకటి లేకపోతే మరొకటి ఆదుకుంటుంది. ముక్కులో ఆక్సిటోసిన్ స్ప్రే కొడితే మనుషుల్లో నమ్మకం పెరుగుతుందన్న 2005 నాటి ప్రసిద్ధ ఫలితం కూడా మళ్ళీ చేసినప్పుడు నిలబడలేదు. ఆన్‌లైన్‌లో అమ్మే "ప్రేమ స్ప్రే"లకు డబ్బు తగలెయ్యొద్దని నిక్కచ్చిగా చెప్పొచ్చు.

రసాయనాల దగ్గరే ఆగిపోతే చర్మాన్ని మరిచిపోతాం. 1950లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో రీసస్ కోతిపిల్లలను తల్లుల నుంచి విడదీసి, రెండు బొమ్మ తల్లుల దగ్గర పెట్టాడు. తీగలతో చేసిన బొమ్మకు పాలసీసా ఉంది. మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మకు ఏమీ లేదు. పిల్లలు ఆకలేసినప్పుడు తీగ బొమ్మ దగ్గరకు వెళ్ళి తాగి, మిగతా పొద్దంతా గుడ్డ బొమ్మనే కరుచుకుని ఉన్నాయి. భయపడితే పరుగెత్తింది దాని దగ్గరకే. ఆ పిల్లలు పడ్డ యాతన తలచుకుంటే ఈ ప్రయోగం క్రూరమనే చెప్పాలి. అయినా, బిడ్డ తల్లిని ప్రేమించేది పాల కోసమేనని, ఎక్కువ ఎత్తుకుంటే చెడిపోతారని తల్లిదండ్రులకు బోధించిన నిపుణుల నోళ్ళు మూయించింది అదే.

స్పర్శ ఇంత లోతుకు వెళ్ళడానికి దానికంటూ ప్రత్యేకమైన నాడులు ఉన్నాయని తర్వాత తెలిసింది. ఒంటి మీద చీమ పాకినా, వేడి గిన్నె తగిలినా వెంటనే చెప్పే నాడులు వేరు. చిన్న వెంట్రుకలుండే చర్మంలో, అంటే ముంజేతిలో, వీపులో, సన్నని, నెమ్మదైన నాడులు మరికొన్ని ఉన్నాయి. సెకనుకు మీటరుకు అటూ ఇటూగా నడుస్తుంది వాటి కబురు. ప్రమాదం చెప్పడానికి అంత నిదానం పనికిరాదు. స్వీడన్‌లో ఓకె వాల్బో, హోకన్ ఒలాసన్ బృందాలు వీటిని కొలిచి చూస్తే, సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడే ఇవి బాగా పలుకుతాయని తేలింది. ఆ స్పర్శ ఒంటి వెచ్చదనంలో ఉంటే ఇంకా బాగా పలుకుతాయి. జబ్బు వల్ల వేగవంతమైన నాడులు దెబ్బతిని, తాకితే తెలియని ఒక రోగి ముంజేతిని మెత్తటి కుంచెతో నిమిరారు. ఎక్కడ తాకారో సరిగా చెప్పలేకపోయినా, ఏదో హాయిగా ఉందని మాత్రం ఆ రోగి చెప్పగలిగారు.

చంటిబిడ్డకు నీళ్ళు పోసే అమ్మమ్మను దగ్గరగా గమనించినవారికి ఈ వేగం పరిచయమే. చిన్న పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మధ్య బిడ్డను బోర్లా వేసుకుంటుంది. నూనె రాసిన అరచేతిని మెడ నుంచి నడుము దాకా, తొడ నుంచి మడమ దాకా దించుతుంది. ఏడుస్తున్న బిడ్డ మధ్యలో ఎక్కడో ఊరుకుంటుంది. తర్వాత సున్నిపిండి, గోరువెచ్చటి నీళ్ళు, సాంబ్రాణి పొగ, ఆ వెంటనే గాఢనిద్ర. ఎవరూ ఆమెకు సెంటీమీటర్లు చెప్పలేదు. బిడ్డల్ని నిమరమని తల్లిదండ్రులను అడిగి ప్రయోగశాలల్లో కొలిచినప్పుడు కూడా, వాళ్ళ చేతులు తమంతట తామే ఆ వేగంలోకే వచ్చాయి.

కోతుల్లో ఈ నిమరడం పేలు చూడటంగా మారి, పిల్లలను దాటి పెద్దల మధ్యకు వచ్చింది. గెలడా కోతులు పగటి సమయంలో దాదాపు ఐదో వంతు దీనికే వెచ్చిస్తాయి. పురుగులు ఏరుకోవడానికి అంతసేపు అక్కర్లేదు. 1989లో కెవర్న్ బృందం తాలపాయిన్ అనే చిన్న కోతుల్లో కొలిస్తే, పేలు చూయించుకున్నాక మెదడు ద్రవంలో ఎండార్ఫిన్లు పెరిగాయి. కెన్యాలోని అంబోసెలిలో ఆడ బబూన్లను 16 ఏళ్ళపాటు గమనించిన లెక్కలు 2003లో వచ్చాయి. మిగతావాటితో ఎక్కువగా కలిసిమెలిసి ఉన్న తల్లుల పిల్లలే ఎక్కువగా బతికాయి, తల్లి హోదా ఏదైనా సరే. స్నేహం ప్రాణాలు నిలబెడుతుందని ఇంతకంటే సూటిగా చెప్పే లెక్క నాకు కనిపించలేదు. మనుషుల గుంపులు పెద్దవై, అందరి తలలూ చూసే తీరిక లేనప్పుడు నవ్వు, పాట, కబుర్లు ఆ పనిలో కొంత పంచుకున్నాయని బ్రిటిష్ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ ప్రతిపాదించాడు. నిరూపించడం కష్టమైనా కొట్టిపారేయలేని ఊహ.

ఇక మనిషి దగ్గరికి వద్దాం. అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది.

చింపాంజీ తల్లి మొదటి కొన్ని నెలలు బిడ్డను ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఐదారేళ్ళకు ఒకసారి ఈనుతుంది, ఒక్కతే పెంచుతుంది. వేట, సేకరణతో బతికే మనుషుల్లో కాన్పుల మధ్య ఎడం మూడు నాలుగేళ్ళే. పైగా మన బిడ్డ మరీ నిస్సహాయంగా పుడుతుంది. పుట్టేనాటికి మెదడు పెద్దయ్యాక ఉండే సైజులో మూడో వంతు కూడా ఉండదు. దాన్ని పెద్ద చేయడానికి సుమారు 1.3 కోట్ల కేలరీల తిండి కావాలని ఒక అంచనా. ఒక తల్లి ఒంటరిగా సంపాదించగలిగేది కాదు అది. మరి ఎవరు పెట్టారు?

తండ్రి అన్నది పాత జవాబు. మగవాడు తిండి తెచ్చి ఇచ్చాడు, బదులుగా ఆడది అతనికే కట్టుబడింది, అలా దాంపత్యం పుట్టిందని 1981లో అమెరికన్ మానవశాస్త్రవేత్త ఓవెన్ లవ్‌జాయ్ రాశాడు. టాంజానియాలో వేట, సేకరణతో బతికే హడ్జా ప్రజల మధ్య తూకం పట్టుకుని తిరిగిన క్రిస్టెన్ హాక్స్ బృందానికి మరొకరు కనిపించారు. కాన్పుల వయసు దాటిన అమ్మమ్మలు గట్టినేలను తవ్వి దుంపలు తీస్తూ పడుచువాళ్ళ కంటే ఎక్కువ గంటలు పనిచేస్తున్నారు. కూతురు కొత్త బిడ్డకు పాలిచ్చే కాలంలో పెద్ద మనవలు బతికేది ఆ దుంపల మీదే. కాంగోలోని ఇతూరి అడవిలో ఎఫే ప్రజల శిశువు పుట్టిన మొదటి రోజుల నుంచే చేతులు మారుతుంది, ఇతర బాలింతలు కూడా పాలిస్తారు. నాలుగు నెలల వయసుకు పగటి వేళలో సగానికి పైగా తల్లి కాని వాళ్ళ దగ్గరే ఉంటుంది.

ఈ ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చింది అమెరికన్ మానవశాస్త్రవేత్త శారా బ్లాఫర్ హర్డీ. ఆమె పని మొదలైంది 1970లలో రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో, కొండముచ్చుల మధ్య. కొత్తగా గుంపును ఆక్రమించిన మగ కొండముచ్చు పసికూనలను చంపడం ఆమె నమోదు చేసింది. అదే గుంపులో ఆడవి పుట్టిన పిల్లను ఒకరి ఒళ్ళోంచి ఒకరు అందుకోవడమూ చూసింది. మనిషి వంశంలో పిల్లల పెంపకం పలువురి పని అయ్యాకే మన ఆప్యాయతకు ఈ రూపం వచ్చిందని 2009లో వాదించింది. ఎవరి ఒడి దొరుకుతుందో తెలియని బిడ్డ, చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చదవాలి, కళ్ళలోకి చూడాలి, బోసినవ్వు నవ్వాలి, ఊ కొట్టాలి. అది బాగా చేసిన పిల్లలు ఎక్కువగా బతికారు. ఎదుటివాడి మనసులో ఏముందో పట్టించుకునే గుణం అలా తరతరాలుగా పదునెక్కింది. భాష కంటే, పెద్ద మెదడు కంటే ముందే.

నాకు హర్డీ వాదనే బలంగా తోస్తుంది. తండ్రిని అది బయటికి నెట్టదు, పెంచే చేతుల్లో అతన్నీ ఒకడిగా లెక్కిస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులను కొన్నేళ్ళపాటు అనుసరించిన అధ్యయనం 2011లో వచ్చింది. తండ్రులైన వారిలో టెస్టోస్టిరోన్ బాగా తగ్గింది. రోజూ మూడు గంటలు, అంతకు మించి బిడ్డను చూసుకునేవారిలో మరీ తక్కువగా ఉంది. తొమ్మిది నెలలు మోయని ఒళ్ళు కూడా బిడ్డను ఎత్తుకుంటే మారుతుంది.

తల్లి విషయంలో ఈ వాదన చెప్పేది మరీ ముఖ్యం. మనిషి తల్లిలో గొర్రెకున్నట్టు రెండు గంటల తలుపు లేదు. బిడ్డను చూడగానే ప్రేమ పొంగకపోతే తనలో ఏదో లోపముందని లోలోపల కుమిలిపోయే బాలింతలు మన ఇళ్ళలో ఎందరో. వాళ్ళకు ఈ మాట ఎవరైనా చెప్పాలి: మన జాతిలో ఆ బంధం రోజుల్లో, వారాల్లో, ఎత్తుకుని తిప్పుతూ ఉంటే అల్లుకునేది. ఆదుకునే మనుషులుంటే అది త్వరగా అల్లుకుంటుంది. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్ళే ఆనవాయితీలో ఉన్నది లాంఛనం మాత్రమే కాదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కాన్పయ్యే కూతురి దగ్గరకు ఆరు నెలల వీసా మీద వెళ్ళే తెలుగు అమ్మానాన్నలు ఆ దుంపలు తవ్విన అమ్మమ్మ పనినే విమానమెక్కి వెళ్ళి చేస్తున్నారు. అలా తలుపు మూసుకోకపోవడం వల్లే కనని బిడ్డను కన్నంతగా పెంచుకోవడం మనకు సాధ్యమవుతోంది.

ఆ చేతులు లేనప్పుడు ఏం జరుగుతుందో రొమేనియా చూపించింది. 1989లో అక్కడి నియంత పాలన కూలాక బయటపడ్డ అనాథాశ్రమాల్లో పిల్లలకు తిండి అందింది, ఎత్తుకునేవారు లేరు. 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనంలో 136 మంది పిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. రెండేళ్ళ లోపు ఒక ఇంటికి చేరినవారు బంధాలు ఏర్పరచుకోవడంలో ఎంతో కోలుకున్నారు. ఆలస్యమైనవారికి అది కష్టమైంది.

దీనికి ఎదురుగా పెట్టి చూడవలసిన ప్రయోగం మరొకటి ఉంది. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎద్గార్ రే అనే వైద్యుడు నెలలు నిండని పిల్లలను తల్లి ఛాతీకి ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టి ఉంచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మన ఆస్పత్రుల్లోనూ దాన్ని కంగారూ మదర్ కేర్ అంటున్నారు. బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే అలా చేయాలని చాలాకాలం అనుకున్నారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో, ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది పిల్లలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. పుట్టిన వెంటనే, రోజుకు సుమారు 17 గంటలు ఛాతీ మీద ఉంచిన పిల్లల్లో 28 రోజుల్లోపు మరణాలు 12 శాతం. మామూలు పద్ధతిలో 15.7 శాతం. తేడా ఇంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందే ఆపేశారు. ఆ 17 గంటలూ తల్లి ఒక్కతే మోయలేదు. ఆపరేషనై లేవలేని స్థితిలో ఉంటే, కాస్త విశ్రాంతి కావాలంటే, ఆమె ఎంచుకున్న మరొకరు బిడ్డను తమ ఛాతీకి కట్టుకున్నారు.